ఆంధ్రా బ్యాంకు పెట్టిన డాక్టరు.. గవర్నరైన పట్టాభి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి పండించే చాలా ఇళ్లలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే ఒక ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ కనిపిస్తుంది. దాదా పేరు మీదో, నానీ పేరు మీదో ఉంటుంది. ఆ బ్యాంకు పేరు ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అసలు దాన్ని పెట్టిందెవరు? ఆ డబ్బు సంగతేంటి?

పెట్టింది డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి స్వాతంత్య్ర ఉద్యమంలోకి వచ్చారు.

అప్పట్లో రైతుకు పెట్టుబడి కావాలంటే షావుకారే దిక్కు. పంట చేతికొచ్చేలోపే వడ్డీ నడ్డి విరిచేది. ఇక్కడివాళ్లు దాచుకున్న డబ్బు ఇక్కడివాళ్లకే అప్పుగా అందాలన్నది పట్టాభి ఆలోచన. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో ముందున్నారు. 1923 నవంబర్ 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టర్ చేయించారు. నవంబర్ 28న మచిలీపట్నంలో లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా స్థాపించారు.

బ్యాంకు నడుస్తుండగానే జైలు జీవితం కూడా నడిచింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం అప్పుడు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ నాయకులతో పాటు ఆయన్నీ అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ కూడా అదే కోటలో ఖైదీ. మౌలానా అక్కడే ‘గుబారె ఖాతిర్’ ఉత్తరాలు రాశారు. పట్టాభి తన జైలు డైరీ రాసుకున్నారు.

పదవుల్లో ఓటమి కూడా చూశారు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పోటీలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. ఆయన ఓటమి తన ఓటమేనని గాంధీజీ చెప్పుకున్నారు. 1948లో అదే పదవికి గెలిచారు. రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. భాషాప్రయుక్త రాష్ట్రాల విషయం తేల్చేందుకు వేసిన కమిటీలో నెహ్రూ, పటేల్‌తో కలిసి కూర్చున్నారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నర్‌గా పనిచేశారు. 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా బ్యాంకు పెరిగింది. 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. నలభై ఏళ్ల తర్వాత విలీనంతో పేరు పోయింది. ఖాతాలు మాత్రం పోలేదు. పాత ఖాతాల బాధ్యత ఇప్పుడు యూనియన్ బ్యాంకుదే.

ఇక ట్రంకుపెట్టెలోని పాస్‌బుక్ సంగతి. పదేళ్లు లావాదేవీ లేని ఖాతాలో సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి పంపేస్తుంది. అంతమాత్రాన హక్కు పోదు. ఖాతాదారుడో, ఆయన వారసులో కాగితాలు చూపించి ఎప్పుడైనా అడగొచ్చు. ఏ బ్యాంకులో ఏముందో వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ పోర్టల్ తెచ్చింది. పాస్‌బుక్, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ఆధారాలు పట్టుకుని బ్రాంచికి వెళ్లి అడగాలి.

ఇంకో మాట. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బుకు ఒక్కడే యజమాని కాదు. అది విరాసత్. అమ్మకు, అక్కచెల్లెళ్లకు రావాల్సిన హిస్సా వాళ్లకు చేరాలి. వడ్డీ విషయంలో ఏం చేయాలో తెలిసిన ఆలిమ్‌ను అడిగితే సరి. అసలు మాత్రం దాదా మిర్చి టిక్కీలు అమ్మి దాచిన కష్టార్జితం.

ఊరి డబ్బు ఊరివాళ్లకే అక్కరకు రావాలని పట్టాభి ఆ బ్యాంకు పెట్టారు. బోర్డు మారినా ఇంట్లోవాళ్లు అడిగితే ఆ డబ్బు అక్కరకొస్తుంది. అడగకపోతే నిధిలోనే ఉండిపోతుంది.