ధాల్సిమ్ సితార్ ఎక్కడిది?
పాత వీడియో గేమ్ సంగీతం: అపోహలు – వాస్తవాలు

స్ట్రీట్ ఫైటర్ 2 ఆడినవాళ్లెవరూ ధాల్సిమ్‌ను మరిచిపోరు. మెడలో పుర్రెల దండ, రబ్బరులా సాగే చేతులు, నోట్లోంచి మంట. వెనక భారతదేశం పేరుతో ఏనుగులు నిలబడ్డ రాజమందిరం. ఆ స్టేజీలో మన సితార్‌ను తలపించే తీగ వాద్యమొకటి మోగుతుంటుంది. పుదుచ్చేరిలో, మా తేంగాయితిట్టు హార్బర్ వైపు, నా ఈడువాళ్లు దాని గురించి ఒక కథ చెప్పుకునేవాళ్లు. ఆ గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీవాళ్లు మద్రాసు వచ్చి, ఎవరో విద్వాంసుడి చేత వాయించి రికార్డు చేసుకెళ్లారని. ఇప్పటి పిల్లలు ఫోన్లో అదే పాట విని అదే కథ నమ్ముతున్నారు. మన సంగీతం మీద మమకారంతో పుట్టిన కథ కాబట్టి కొట్టిపారేయాలనిపించదు. కానీ అసలు సంగతి ఆ కథకంటే బాగుంటుంది.

అపోహ: ధాల్సిమ్ స్టేజీలో వినిపించేది రికార్డు చేసిన సితార్.

వాస్తవం: 1991లో వచ్చిన ఆర్కేడ్ మెషీన్‌లో ఆ తీగ శబ్దం రికార్డింగ్ కాదు. ఆ గేమ్ పాటల్లో ఎక్కువభాగం యోకో షిమొమురా కట్టినవి. మెషీన్‌లో వాటిని పలికించేది యమహావారి వైఎం2151 చిప్. అందులో ఏ వాద్యమూ దాచి ఉండదు. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని వేగంగా కదిలిస్తే కొత్త ధ్వని పుడుతుందని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్నాడు. యమహా ఆ పద్ధతి హక్కులు తీసుకుని కీబోర్డుల్లోకీ చిప్పుల్లోకీ తెచ్చింది. వైఎం2151లో ఒకేసారి ఎనిమిది స్వరాలు పలుకుతాయి, ఒక్కో స్వరానికీ నాలుగు తరంగాలుంటాయి. వాటిని ఎలా జతచేయాలి, శబ్దం ఎంత చురుగ్గా లేవాలి, ఎంత మెల్లగా తగ్గాలి అన్న అంకెలు మాత్రమే గేమ్‌లో రాసి ఉంటాయి. మీటగానే పదునుగా లేచి, లోహపు జీరతో సన్నగిల్లిపోయే తీగ గుణాన్ని ఆ కొద్దిపాటి అంకెల్లో పట్టుకున్నారు. ఇది చిన్న పనేమీ కాదు.

ఆ మెషీన్‌లో రికార్డు చేసిన శబ్దాలూ ఉన్నాయి. ఓకీ సంస్థ చేసిన ఎంఎస్‌ఎం6295 అనే రెండో చిప్ వాటి కోసమే. డ్రమ్ము దెబ్బలు, ‘హడోకెన్’, ‘యోగా ఫైర్’ లాంటి అరుపులు దాన్లోంచి వస్తాయి. నిజంగా వాయించిందో పలికిందో కాస్త రికార్డు చేసి, ముక్కగా కోసి దాచుకుంటే దాన్నే శాంపిల్ అంటారు. అంటే ఆర్కేడ్‌లో ‘ఈ శాంపిల్ ఎక్కడిది’ అన్న ప్రశ్న డ్రమ్ములకూ అరుపులకూ వర్తిస్తుంది, తీగలకు వర్తించదు.

మద్రాసు కథలో నాకు ముచ్చటేసే విషయం ఇంకొకటి ఉంది. సంబంధం నిజంగానే ఉంది, మనవాళ్లు అనుకున్నచోట కాదు. ఇళయరాజా సంగీతంతో 1986లో వచ్చిన ‘పున్నగై మన్నన్’ తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. మన దేశంలో కంప్యూటర్ సాయంతో సంగీతం చేసిన తొలి సినిమాగా దానికి పేరు. అందుకు వాడినట్టు చెప్పే యంత్రం యమహా సీఎక్స్5ఎం. ఆ మ్యూజిక్ కంప్యూటర్ తొలి మోడల్‌లో కూర్చున్న ధ్వని చిప్ ఇదే వైఎం2151. సితార్ మద్రాసు నుంచి జపాన్ వెళ్లలేదు. ఒకే చిప్ జపాన్‌లో పుట్టి ఇటు సినిమా పాటల్లోకీ అటు గేమ్ పార్లర్లలోకీ చేరింది.

అపోహ: గేమ్‌లో విన్న శబ్దం సినిమా పాటలోనూ ఉంటే ఒకరు ఇంకొకరి దగ్గర కొట్టేసినట్టే.

వాస్తవం: ఈ అపోహే అన్నిటికీ మూలం, దీన్ని విడదీస్తే మిగతావి వాటంతటవే విడిపోతాయి. బాణీ వేరు, రికార్డింగ్ వేరు, వాద్యపు ధ్వని వేరు. రోలాండ్ డి-50 కీబోర్డు 1987లో వచ్చింది, కోర్గ్ ఎం1 కీబోర్డు 1988లో వచ్చింది. వాటిలో కంపెనీవాళ్లే నింపి ఇచ్చిన ధ్వనులను కొన్నవాళ్లెవరైనా వాడుకోవచ్చు, ప్రపంచమంతా వాడుకుంది. టోక్యోలో గేమ్ కంపెనీ నొక్కిన మీటే ఇంకో దేశంలో సినిమా కీబోర్డిస్టూ నొక్కి ఉంటే రెండుచోట్లా ఒకే ధ్వని వస్తుంది. అందులో దొంగతనమేముంది?

అపోహ: ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడిన గేమ్‌లోనూ అదే సంగీతం, అదే ధ్వని.

వాస్తవం: పాట అదే, ధ్వని వేరు. 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ నింటెండోకు వచ్చినప్పుడు అంతా తలకిందులైంది. సోనీలో కెన్ కుటరాగి రూపొందించిన ఆ యంత్రపు ధ్వని చిప్ పూర్తిగా శాంపిళ్ల మీదే నడుస్తుంది. అందుకే ఇంటి గేమ్‌లోని తీగ ఎక్కడిదని వెతకడంలో అర్థముంది.

వెతకడం ఎందుకంత కష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది. ధ్వని కోసం ఆ యంత్రంలో ఉన్న చోటు 64 కిలోబైట్లు. 16 ధ్వని బిందువుల్ని 9 బైట్లలోకి కుదించి దాచుతుంది. సెకనుకు 32,000 బిందువుల పూర్తి నాణ్యతతో నింపితే ఆ చోటంతా కలిపి మూడున్నర సెకన్లు దాటితే నిండిపోతుంది. అందులోనే డ్రమ్ములు, తీగలు, అరుపులు, స్వరాల వరస, ప్రతిధ్వనికి కావాల్సిన చోటు, అన్నీ ఇమడాలి. కాబట్టి కీబోర్డు నుంచి తీసుకున్న ఒక్క స్వరాన్ని మొదటి మీటు వరకే ఉంచి, చివర చిన్న తునకను గిర్రున తిప్పుతూ సాగదీశారు. నాణ్యత తగ్గించారు, శ్రుతి మార్చారు. పైగా ఆ చిప్ పలికేటప్పుడు ధ్వని అంచుల్ని మెత్తబరుస్తుంది, పైస్థాయి మెరుపు పోతుంది. మూలం కళ్లముందే ఉన్నా చెవి గుర్తుపట్టలేదు.

ఓపికున్న అభిమానులు దీనికొక పరీక్ష పెట్టుకున్నారు. అనుమానమున్న కీబోర్డు ధ్వనిని అదే శ్రుతికీ అదే పొడవుకీ తెచ్చి, తరంగాన్ని తిరగేసి గేమ్ శాంపిల్‌తో కలుపుతారు. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి చెరిపేసుకుని, కుదింపులో పుట్టిన చిన్న బుస మాత్రం మిగులుతుంది. వేరైతే శబ్దం అలాగే నిలబడుతుంది. పోలిక వినిపించిందని చేసే వాదన ముందు ఈ పరీక్షకు నిలబడాలి.

ఇలా మూలాలు దొరికిన గేముల పాటల్ని పూర్తి నాణ్యతతో మళ్లీ కట్టి వినిపిస్తున్నారు. సూపర్ మారియో వరల్డ్‌కు అలాగే చేశారు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ అది స్వరకర్త దాచిపెట్టిన అసలు రికార్డింగ్ అని పంచుకోవడం తప్పు. అటువంటి రికార్డింగ్ లేదు. కోజి కొండో ఆ ఇరుకు చోటుకోసమే స్వరపరిచాడు, ఆ చిప్‌లోంచి వచ్చిందే అసలు. డాంకీ కాంగ్ కంట్రీ సంగతీ అంతే. 1994లో దాని స్వరకర్త డేవిడ్ వైజ్ కోర్గ్ వేవ్‌స్టేషన్ కీబోర్డు లాంటి ధ్వని కోసం తపించి, దాన్ని చిన్న చిన్న తరంగాల ముక్కలతో ఆ చిప్‌లోనే సాధించాడు. ఆ పరిమితిని తీసేస్తే అతని పనితనం సగం కనిపించకుండా పోతుంది.

అపోహ: సోనిక్ 3 మంచుకొండల పాట మైకేల్ జాక్సన్ రికార్డింగ్ నుంచి కోసిన ముక్క.

వాస్తవం: 1994లో వచ్చిన ఈ గేమ్‌కు జాక్సన్ బృందం పనిచేసింది. ఆ బృందంలోని బ్రాడ్ బక్సర్ 2009లో ఒక ఫ్రెంచి పత్రికకు ఆ మాట చెప్పాడు. గేమ్ యంత్రంలో తన సంగీతం పలికిన తీరు నచ్చక జాక్సన్ పేరు వేయించుకోలేదన్నది అతని మాట. అయితే మంచుకొండల స్టేజీ బాణీ జాక్సన్‌ది కాదు. బక్సర్ అంతకుముందు వాయించిన ‘ది జెట్‌జోన్స్’ బృందం 1982లో చేసిన ‘హార్డ్ టైమ్స్’ అనే పాటది. అక్కడ తీసుకున్నది బాణీ, రికార్డింగ్ ముక్క కాదు. 2022లో సోనిక్ ఆరిజిన్స్ పేరుతో తిరిగి విడుదల చేసినప్పుడు కొన్ని స్టేజీల పాటలు మార్చేశారు.

అపోహ: జెల్డా గేమ్‌లోని ఇస్లామిక్ ప్రార్థనను 2001 దాడుల తర్వాత, ముస్లింల నిరసనలకు భయపడి తీసేశారు.

వాస్తవం: ఇది వింటే బాధేస్తుంది, ఎందుకంటే జరగని గొడవను ఒక మతంవాళ్లకు అంటగడుతోంది. ఆ జెల్డా గేమ్, ‘ఒకరినా ఆఫ్ టైమ్’, 1998 నవంబరులో విడుదలైంది. ఫైర్ టెంపుల్ సంగీతంలో ఉన్న ఆ గానం ‘వాయిస్ స్పెక్ట్రల్’ అనే శాంపిల్ సీడీ నుంచి వచ్చింది. స్వరకర్తలు డబ్బిచ్చి కొనుక్కుని వాడుకునే సీడీ అది. గేమ్ తొలి రెండు వెర్షన్లలో గానం ఉంది, మూడోదాంట్లో లేదు. ఆ మూడింటిలోపల నమోదైన తేదీలు 1998 అక్టోబరు, నవంబరు నెలలవి, మూడూ విడుదలకు ముందే సిద్ధమైనవే. ఎవరూ ఆడకముందే ఎవరు నిరసన తెలుపుతారు? మతపరమైన అంశాలు గేముల్లో ఉండకూడదన్నది నింటెండో ముందునుంచీ పెట్టుకున్న నియమం. పాత, కొత్త కార్ట్రిడ్జులు ఒకేసారి బజారులో తిరగడం, 2002లో గేమ్‌క్యూబ్‌కు వచ్చినదాంట్లో గానం లేకపోవడం ఈ కట్టుకథకు ఊపిరిపోశాయి. ఆ గొంతు ఎవరిదో గేమ్ చివర వచ్చే పేర్లలో ఎక్కడా లేదు. నాకైతే అసలు పట్టించుకోవాల్సిన అన్యాయం అక్కడే కనిపిస్తుంది.

అపోహ: ఏడు సెకన్ల లోపు ముక్క ఎవరిదైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మన 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్కతో ఇచ్చిన మినహాయింపు లేదు. రికార్డింగ్‌పై హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. శాంపిల్ సీడీకి దాని లైసెన్సు షరతులుంటాయి. కీబోర్డులో ఇచ్చిన ధ్వనితో సొంత బాణీ కట్టుకోవచ్చు. కానీ 1991లో విడుదలైన పాట రికార్డింగ్ నుంచి ముక్క కోసి గేమ్‌లో పెట్టుకోవాలంటే, మన దేశంలో 2051 డిసెంబరు దాకా హక్కుదారుల అనుమతి కావాలి.