రీలు లేకపోయినా మీట ఉంది!

2018లో లైకా కంపెనీ ఎం10-డి అనే డిజిటల్ కెమెరా తెచ్చింది. వెనక స్క్రీను లేదు గానీ, పైన కుడి మూల రీలు తిప్పే మీట మాత్రం ఉంది. తిప్పడానికి లోపల రీలేదీ? ఆ మీట దేన్నీ తిప్పదు. కాస్త బయటికి లాగి బొటనవేలు ఆనించుకోవాలి, అంతే. పిడికి మీట వేషం వేశారన్నమాట. వింటే నవ్వొస్తుంది గానీ, ఫిల్మ్ రోజుల్లో లైకా వాడినవాళ్లలో చాలామందికి అసలు పిడి ఆ మీటే. సగం తెరిచి ఉంచి, బొటనవేలు దానికి ఆనించి తిరిగేవాళ్లు.

అంతకు ముందే, 2004లో, మొట్టమొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్‌గా ఎప్సన్ ఆర్-డి1 వచ్చింది. దానికీ మీట ఉంది, అయితే ఉత్తుత్తిది కాదు. ఫొటో ఫొటోకీ లాగి షట్టర్ బిగించాల్సిందే.

ఇంతకీ ఈ కెమెరాలకు మీట గొడవ ఎందుకంటే, రేంజ్‌ఫైండర్‌లో లెన్సు గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీలో రెండుగా కనిపించే బొమ్మ ఒకటయ్యేదాకా లెన్సు తిప్పి ఫోకస్ చేస్తాం. కన్ను ఆ కిటికీకి అతుక్కునే ఉండాలి. 1925లో అమ్మకానికొచ్చిన తొలి లైకాకు పైన రీలు జరపడానికి ఓ గుండ్రటి బుడిపె ఉండేది. దాన్ని వేళ్లతో తిప్పాలంటే కెమెరా ముఖం మీంచి దించక తప్పేది కాదు. ఆ కాస్త వ్యవధిలో ఎదుటి మనిషి నవ్వు ఆపేస్తాడు.

దీనికి విరుగుడుగా లైకావిట్ పుట్టింది. కెమెరా అడుగు మూత తీసేసి, ఆ స్థానంలో దీన్ని బిగిస్తారు. కింద మడతపెట్టి ఉన్న మీట విప్పి ఎడమచేతి వేళ్లతో లాగితే రీలు ఒక ఫొటో మేర జరుగుతుంది, షట్టరూ బిగుస్తుంది. కన్ను కదలదు, చప్పుడు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. నన్నడిగితే రేంజ్‌ఫైండర్‌కు ఇంతకు మించిన అమరిక లేదు. జపాన్‌వాళ్లకూ ఇది నచ్చినట్టుంది: 1956 నాటి కానన్ వీటీలో ఈ కింది మీటను కెమెరాలోనే కలిపేశారు.

స్ప్రింగు మోటారూ ఉండేది! 1930ల చివర్లో లైకా అమ్మిన మూలీకి గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే వరసగా 12 ఫొటోలు తీసేది. అదే కాలంలో లైకా 250 అనే మరో వింత ఉంది. అందులో 10 మీటర్ల ఫిల్మ్ పట్టేది. ఒక ఫొటోకి రీలు 38 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి 250 ఫొటోలకు తొమ్మిదిన్నర మీటర్లు కావాలి. లెక్క సరిపోయింది.

1954లో లైకా ఎం3కి పైన మీట పెట్టినప్పుడు ఒక్క ఫొటోకి రెండుసార్లు లాగాల్సి వచ్చేది. ఒకే ఊపులో లాగితే ఫిల్మ్ మీద స్థిరవిద్యుత్తు పుట్టి మెరుపుతీగల్లాంటి మచ్చలు పడతాయని భయం. కొన్నేళ్లకు ఆ భయం తీరి ఒక్క లాగుడు చేశారు. పొడిగా, బాగా చల్లగా ఉన్న చోట మాత్రం ఇప్పటికీ రీలు నెమ్మదిగా తిప్పడమే మంచిది.

1957లో నికాన్ ఎస్పీకి ఎస్-36 అనే విద్యుత్ మోటారు వచ్చింది. సెకనుకు మూడు ఫొటోలు. అంటే 36 ఫొటోల రీలు 12 సెకన్లలో ఖాళీ! రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించుకున్నవాళ్లకు ఈ లెక్క వింటేనే గుండె గుబేలుమంటుంది. పైగా చప్పుడు చేయని కెమెరా అని కొనుక్కుని దానికి గిర్రుమనే మోటారు తగిలించడం నాకైతే మింగుడుపడదు.

పాత లైకా కొని తర్వాత వైండర్, అంటే రీలు జరిపే మోటారు, బిగించుకుందాం అనుకునేవాళ్లు కాస్త ఆగాలి. మామూలు ఎం3, ఎం4 కెమెరాలకు అది పట్టదు. 1970ల చివర్లో కెనడాలో తయారైన ఎం4-2 నుంచే అడుగున వైండర్‌కు జత కుదిర్చి ఇచ్చారు.

ఇక పిడుల సంగతి. లైకాలో రీలు వేసేది అడుగు నుంచి. స్క్రూతో కింద బిగించే పిడి తీసుకుంటే, రీలు అయిపోయిన ప్రతిసారీ ముందు స్క్రూ విప్పాలి, పిడి పక్కన పెట్టాలి, ఆపై మూత తీయాలి. నడిరోడ్డు మీద నిలబడి ఈ పని చేసేటప్పుడు మూడో చెయ్యి ఉంటే బాగుండుననిపిస్తుంది. అందుకే చాలామంది అడుగు మూతను పళ్లతో పట్టుకుంటారు. మూత, పిడి రెండూ ఒకటే ముక్కగా వచ్చేవి నయం. ఫ్లాష్ తగిలించే చోట దూర్చే బొటనవేలి పిడి చవకగా పనికానిస్తుంది గానీ, ఫ్లాష్‌కు చోటుండదు. 35, 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సులతో తిరిగేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, లెన్సు కింద ఎడమచెయ్యి చాలు. లెన్సు బరువైనదైతే మాత్రం పిడికి పెట్టిన డబ్బు వృథా కాదు.

ఏ పిడీ తీర్చలేని చిక్కు ఒకటుంది. 1936 నాటి కాంటాక్స్ 2 కెమెరాలో రేంజ్‌ఫైండర్ కిటికీ కుడివైపు చివర, సరిగ్గా వేళ్లు పడే చోట ఉంటుంది. మామూలుగా పట్టుకుంటే కిటికీ మూసుకుపోయి రెండో బొమ్మే మాయమవుతుంది. వేళ్లు పైకి మడిచి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. దాన్నే కాంటాక్స్ పట్టు అంటారు. యుద్ధం తర్వాత సోవియట్‌వాళ్లు కాంటాక్స్ తయారీ యంత్రాలను కీవ్‌కు తరలించి, కిటికీని అక్కడే ఉంచి, కీవ్ కెమెరాలు 1980ల దాకా తయారుచేశారు. ఈ కెమెరాలకు పిడి బిగిస్తే, పిడి పట్టిన వేళ్లే మళ్లీ కిటికీకి అడ్డం.