క్యాన్లు నడిచే రోలర్లు: తడి, మురికి తగలకుండా జాగ్రత్తలు



మీరు తెల్లవారుజామున సంఘంలో పోసిన పాలు క్యాన్లలో లారీ ఎక్కి శీతల కేంద్రానికి చేరుతాయి. అక్కడ అరుగుమీద వరుసగా అమర్చిన ఇనుప రోలర్ల మీదుగా క్యాన్లు ఒకదాని వెనుక ఒకటి తూకం దగ్గరకు జరుగుతాయి. ఈ వరుసనే కన్వేయరు అంటారు. “అది కేంద్రంవారి యంత్రం, దానితో మాకేమి పని?” అని మీరు అనవచ్చు. కాని ఆ రోలర్లు పట్టేస్తే ఎండలో నిలిచిపోయేవి మీ పాలే.

అప్పుడే పితికిన పాలలో సూక్ష్మజీవులను కొంతసేపు అణచి ఉంచే సహజశక్తి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో అది రెండు, మూడు గంటలకు మించి నిలువదు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులున్నాయి. పాలు సంఘం నుండి కేంద్రానికి వచ్చేసరికే ఆ గడువు చాలావరకు గడిచిపోతుంది. ఆపైన మరో అరగంట అరుగుమీద ఆగితే పరీక్షలో పులుపు తేలవచ్చు. క్యాను తిరిగివస్తే నష్టం ఒక్కరిది కాదు, అందులో పాలు పోసిన అందరిదీ.

రోలరులో ఏమున్నది?

రోలరు ఒక డొల్ల గొట్టం. దాని మధ్యగా కదలని ఇరుసు, రెండు చివరల బాల్ బేరింగులు ఉంటాయి. బేరింగు గుండ్లకు గ్రీజు, బయటి తడి లోపలికి పోకుండా సీలు ఉంటాయి. మన పెద్దలు ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి కందెన వేసేవారు. గ్రీజు చేసే పని కూడా అదే.

40 లీటర్ల క్యానులో పాల బరువే సుమారు 41 కిలోలు. క్యాను అడుగున ఎప్పుడూ కనీసం మూడు రోలర్లు ఉండేటట్లు అమర్చుతారు. వాటిలో ఒకటి తిరగకపోయినా క్యాను ఒరుసుకొని ఆగిపోతుంది. వెనుక క్యాను వచ్చి తగిలి పాలు చిందుతాయి. ఆ చిందిన పాలే పక్క రోలరును కూడా పాడుచేస్తాయి.

రోలర్లు పాడయ్యే కారణాలు

1. నీరు: గొట్టంతో రోలరు చివరలకు గురిపెట్టి నీళ్లు కొడితే సీలు దాటి బేరింగులోకి పోతాయి. వేడినీళ్లు పోసినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బయటకు పోతుంది. చల్లారేటప్పుడు సీలు చుట్టూ నిలిచిన తడిని లోపలికి పీల్చుకుంటుంది.

2. చిందిన పాలు: పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఎండి జిగురవుతాయి. పులిసిన పాల ఆమ్లం ఇనుమును తింటుంది.

3. మట్టి: అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవనాల వానల్లో క్యాను అడుగున ఎర్రమట్టి, ఇసుక, పేడ అంటుకొని వస్తాయి. అవి గ్రీజులో కలిస్తే ఆకురాయివలె గుండ్లను అరగదీస్తాయి.

4. ఘాటైన సోడా: కాస్టిక్ సోడా ఇనుముపై ఉన్న జింకు పూతను తినివేస్తుంది. పూత పోయినచోట తుప్పు మొదలవుతుంది.

కేంద్రంలో చేయవలసినవి

మోటారుతో నడిచే కన్వేయరైతే ముందు కరెంటు ఆపవలెను. మట్టిని బ్రష్‌తో దులిపి, గోరువెచ్చని నీటితో పాల జిడ్డు పోగొట్టవలెను. మొదటే మరిగే నీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు గట్టిపడి అంటుకుపోతాయి. తరువాత పలుచని వాషింగ్ సోడా నీటితో రుద్ది, మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వవలెను. గ్రీజు పెట్టే రకమైతే కడిగిన తరువాతే పెట్టవలెను; అప్పుడు లోపల చేరిన తడి కూడా బయటకు వస్తుంది. మిగిలిన గ్రీజును తుడిచివేయవలెను, లేకుంటే దుమ్ము పట్టుతుంది. ఆహార పదార్థాల యంత్రాలకు తగిన గ్రీజునే వాడవలెను. శాశ్వతంగా మూసిన బేరింగులకు గ్రీజు అవసరం లేదు.

సంఘంలో చేయవలసినవి

- క్యానును గొంతుదాకా నింపి మూత అదమరాదు. మూత సరిగా బిగిసేటట్లు చూడవలెను.
- లారీ వచ్చేవరకు క్యాన్లను నేలమీద గాక అరుగుమీదనో, పలకమీదనో ఉంచవలెను.
- ఎక్కించే ముందు క్యాను అడుగు తడిగుడ్డతో తుడవవలెను.
- అడుగు సొట్టపడిన క్యానును బాగుచేయించవలెను. అది రోలర్లమీద సాఫీగా నడవదు.
- మూతను రోలర్లమీద బోర్లించరాదు. అక్కడి గ్రీజు, తుప్పు పాలలో చేరుతాయి.

బల్క్ కూలరున్న ఊళ్లలో కూడా, పక్క సంఘాల క్యాన్లు దించడానికి రోలర్ల బల్ల ఉంటే ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఈసారి కేంద్రానికి వెళ్లినప్పుడు, కన్వేయరు ఖాళీగా, ఆగి ఉన్న సమయంలో అక్కడివారి అనుమతితో ఒక రోలరును చేతితో తిప్పి చూడండి. చప్పుడు లేకుండా తిరిగితే మంచిది. గరగరమన్నా, చివరలనుండి గోధుమరంగు నీరు కారినా లోపలికి తడి చేరినట్లే. వెంటనే కేంద్రంవారికి చెప్పండి. ఆ రోజే బేరింగు మార్చితే ఒక్క రోలరుతో పోతుంది. ఆలస్యమైతే క్యాన్లకొద్దీ పాలు పోతాయి.