ఉప్పెన తరువాతి పర్వము

మహాభారతమున యుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది. కాని కథ యంతటితో ముగియలేదు. పిమ్మట స్త్రీపర్వము వచ్చినది. రణభూమిలో పడియున్న తమవారిని వెదకుచు గాంధారియు, ఆమె కోడండ్రును దుఃఖించిన కథ యందు గలదు. దేశమునకు గొప్ప విపత్తు కలిగినపుడు పత్రికలు మొదటి పర్వమును మాత్రమే వ్రాయును. మృతుల సంఖ్యయు, నష్టపు లెక్కయు, నాయకుల రాకపోకలును అందుండును. ఇంటింట జరుగు రెండవ పర్వమును వ్రాయువారు తక్కువ. 1977 వ సంవత్సరపు దివిసీమ యుప్పెనలో మా యత్తగారి పుట్టినింట జరిగిన దానిని మీకు విన్నవించుటకు కారణ మిదియే.

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలై సముద్రమును చేరును. ఆ పాయల నడుమనున్న పల్లపు భూమియే దివిసీమ. పింగళ నామ సంవత్సర కార్తిక మాసమున, అనగా 1977 నవంబరు 19 వ తేదీ శనివారమునాడు, బంగాళాఖాతమున పుట్టిన పెనుతుపాను ఆంధ్రతీరమును దాటినది. గాలి యొక్కటియే యైనచో ఇండ్లు కూలెడివి గాని యంతటి ప్రాణనష్టము కలుగకుండెడిది. సముద్రమే సుమారు 5 మీటర్ల యెత్తున లేచి, మైళ్ల కొలది లోపలికి వచ్చి పల్లెలను ముంచినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీరగ్రామములు మిక్కిలి దెబ్బతినినవి. ప్రభుత్వపు లెక్కనుబట్టి మృతులు సుమారు 10,000 మంది. అంతకంటె నెక్కువ యని యచ్చటివారు చెప్పుదురు.

మా యత్తగారికి అప్పటికి పదునాలుగేండ్లు. ఇంట తల్లిదండ్రులు, నాయనమ్మ, ఒక తమ్ముడు, పాలుత్రాగు చెల్లెలు నుండిరి. మట్టిగోడల తాటాకుటిల్లు, నాలుగెకరముల వరిచేను వారి యాస్తి. చేను కోతకు వచ్చియుండెను. తుపాను వచ్చునని రేడియోలో చెప్పిన మాట ఊరిలో వినబడకపోలేదు. కాని తీరమువారికి గాలివాన క్రొత్తది కాదు. గాలి వచ్చినపుడు దూడలను కట్టివేసి, పిల్లలను లోపలికి పిలిచి, తలుపు గడియ వేసికొని కూర్చుండుట తరతరముల యలవాటు. ఆ దినమున గూడ ఇల్లాలు అట్లే చేసినది. గాలికి మూసిన తలుపు రక్ష. నీటికి ఆ తలుపే యురి. ఈ భేదము నెవరును వారికి చెప్పియుండలేదు.

సాయంకాలమునకు నీరు వచ్చినది. తండ్రి కొడవలితో పైకప్పు తాటాకు కోసి, కూతును కొడుకును పైకి లాగెను. నాయనమ్మయు, పసిబిడ్డయు దక్కలేదు. తల్లి కొట్టుకొనిపోయి తుమ్మచెట్టు ముండ్లలో జుట్టును చీరయు చిక్కుకొని, రాత్రి యంతయు నచ్చటనే యుండి, మరునాడు ప్రాణములతో దొరికినది. ఇంతకంటె నా రాత్రిని గూర్చి మా యత్తగారు చెప్పరు, మేమడుగము.

రెండవ పర్వ మిట నుండి మొదలగును. దేశమంతయు కదలినది. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు వీథులలో జోలెపట్టి విరాళములు కూర్చిరి. అవనిగడ్డవారగు మండలి వెంకట కృష్ణారావుగారు సహాయ కార్యములలో అహర్నిశలు శ్రమించిరి. బియ్యము వచ్చినది, బట్టలు వచ్చినవి. కాని వండుటకు మంచినీరు కావలెను గదా! బావులును చెరువులును ఉప్పుపట్టి పోయినవి. మిగిలిన స్త్రీలు పదిమంది గూడి ఒకటే పొయ్యి పెట్టి, దూరము నుండి తెచ్చిన నీటిని గిన్నెలతో కొలిచి వాడుకొనిరి. నిన్నటి వరకు ఒకరి వంట నొకరు ముట్టనివారు ఆ పొయ్యి కడనే తినిరి. చేలలో ఉప్పు తేలియుండెను. కాలువ నీరు పెట్టుట, నిలువగట్టుట, వదలివేయుట అను పని మరల మరల చేసిన గాని నారు నిలువలేదు.

ఆ పొయ్యి కడకు ఐదేండ్ల బాలు డొకడు వచ్చినాడు. వానివా రెవ్వరును మిగులలేదు. బిడ్డను పోగొట్టుకొని నోటమాట లేక యున్న ఆ తల్లి వానికి అన్నము కలిపి పెట్టినది. ఆ రాత్రి వాడు, "పెద్దమ్మా, నీళ్లు మళ్లీ వస్తాయా?" యని యడిగెను. "వస్తే నిన్నెత్తుకుంటాను, పడుకో నాయనా" యని యామె పలికినది. అవియే యుప్పెన తరువాత ఆమె నోటవెడలిన మొదటి మాటలట. వాడే నేడు మా చిన్నమామయ్యగారు. ఆయన వివాహ సమయమున గోత్ర మేమని పురోహితు డడుగగా, "మా గోత్రమే" యని యింటి యజమాని ఒక్కమాటలో తేల్చివేసెను. కాని కార్తికమున ఆ తిథి వచ్చినపుడు ఆయన రెండు వంశములవారికిని తర్పణము విడుచును. ఆ యూర నించుమించుగా నెల్ల యిండ్లయందును పితృకార్య మొకటే దినమున జరుగును.

ఇల్లు మరల కట్టుకొనిరి. కాని ఆ యిల్లాలు ఏండ్ల తరబడి రాత్రులయందు తలుపు గడియ వేయనీయలేదు. చుట్టుప్రక్కలవారు దానిని భ్రమ యనుకొనిరి. 1990 మే నెలలో మరియొక పెనుతుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతమునకే వచ్చినది. ఈ మారు ప్రభుత్వము లక్షకు మించిన జనులను ముందుగానే తరలించెను. 1977 తరువాత కట్టిన తుపాను రక్షణ భవనములును ఉపయోగపడెను. అయినను ఇల్లు వదలుటకు మనసొప్పని వారుండిరి. పురుషులకు పశువులపై చింత, స్త్రీలకు వంటింటి సామానుపై చింత. అప్పుడామె గడప గడపకును పోయి, "గాలికి కాదమ్మా, నీటికి భయపడండి. తలుపులు తీసిపెట్టి లేవండి" యని చెప్పి, తోటి స్త్రీలను పిల్లలతో వెంటబెట్టుకొని రక్షణ భవనమునకు చేర్చినది. ఆ తుపానులో రాష్ట్రమంతట మృతులు వేయిమందికి లోపు. అంతటి గాలికి పదుమూడేండ్ల నాడు కలిగిన నష్టముతో పోల్చి చూచిన, ముందుమాట విలువ తెలియగలదు.

ముందుమాట గుమ్మము కడ నాగిపోరాదు. పొయ్యి కడకు రావలెను. ఇంట పసివారి నెత్తుకొనువారు, ముసలివారి చేయి పట్టుకొనువారు స్త్రీలే గదా! నేడు హెచ్చరికలు మన చేతి ఫోనునకే వచ్చుచున్నవి. పురుషులు పొలమునుండి వచ్చువరకు వేచియుండక లేచుటకు మనకు తెలియవలెను. తీరమున నున్న సోదరీమణులు తమ యూరికి దగ్గరి రక్షణ భవన మెచ్చటనో, దానికి దారి యేదో పిల్లలతో నొకమారు నడచి చూచుకొనవలెను. రేషను కార్డు, పట్టా కాగితములు, పిల్లల బడి పత్రములు ఒక ప్లాస్టికు సంచిలో మూటగట్టి యుంచవలెను. అటుకులు, బెల్లము, మూతగల బిందెలో మంచినీరు తుపాను మాసములలో సిద్ధముగా నుండవలెను. మాటలు వచ్చిన బిడ్డలకు తల్లిదండ్రుల పేర్లును, ఊరిపేరును, ఇంటిపేరును కంఠస్థము చేయింపవలెను. మా చిన్నమామయ్యగారు తమ మనుమలకు వర్ణమాల కంటె ముందు నేర్పినది ఇదియే.