వాన తప్పిన ఏడు ఉలవచారే

అనంతపురం చెనిక్కాయ రైతు జూన్ నుంచీ మొగులు వంకే చూస్తుంటాడు. ఆగస్టు సగమైనా పదును వాన పడకపోతే విత్తనం మూటల్లోనే ఉండిపోతుంది. అప్పుడు గొర్రు పట్టేది ఉలవల కోసమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ నమ్మకం లేకుండా వాన పడే నేల ఇది. ఒకటి రెండు పదునులకే మొలిచి, ఆపైన మంచుకే నిలదొక్కుకుని కాయ పట్టే పంట ఉలవ. పక్కనే బళ్లారి దగ్గర సంగనకల్లులో నవీన శిలాయుగపు మనుషులు తిన్నదీ ఇదే. తవ్వకాల్లో మాడిన ఉలవ గింజలు బయటపడ్డాయి. ఈ పీఠభూమికి వరి వచ్చింది ఆ తర్వాతే.

ఉలవలు చెరిగి, రాళ్లు ఏరి, రాత్రే నానేస్తారు. పొద్దున నిండా నీళ్లు పోసి, గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడకనిస్తారు. వార్చిన ఎర్రటి నీళ్లే కట్టు. ఉడికిన ఉలవలు పిడికెడు తీసి ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, జీలకర్రతో రోట్లో నూరి, చింతపులుసుతో పాటు కట్టులో కలిపి మరిగిస్తారు. తిరగవాత పడగానే ఇల్లంతా ఘుమఘుమ. చారు పల్చగానే ఉంటుంది, ఉండాలి కూడా. రాగి సంగటి ముద్ద నడుమ గుంట చేసి పోసుకుంటే, ముద్ద నమలకుండానే గొంతు దిగుతుంది. మిగిలిన గింజలకు ఎర్రగడ్డ తాలింపు వేస్తే గుగ్గిళ్లు. వాటిని మాత్రం వదలొద్దు. నూరు గ్రాముల ఉలవల్లో ఉండే సుమారు 22 గ్రాముల మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే మిగులుతుంది, నీళ్లలోకి దిగేది కొంతే.

కృష్ణా, గుంటూరు వైపు ఇదే కట్టును గంటల తరబడి కాచి, నల్లగా చిక్కబరిచి, మీగడతో వడ్డిస్తారు. పాడి ఉన్న సీమ రుచి అది. హైదరాబాద్ హోటళ్లలో ఉలవచారు బిర్యానీ దాకా వెళ్లింది కూడా ఆ చిక్కటి చారే. మడకశిరకు మూడు దిక్కులా ఉన్న కన్నడ నేలలో ఆకుకూర, ఉలవలు కలిపి ఉడికించి, వార్చిన నీళ్లతో బస్సారు, మిగిలినదాంతో పల్యం చేస్తారు. కోయంబత్తూరు వైపు కొళ్ళు రసం. ఎక్కడో గఢ్వాల్ కొండల్లో గహత్ అని పిలిచే ఈ ఉలవలతోనే ఫాణు. ఎక్కడికక్కడ ఆ నేలకు తగ్గ వంట. మీగడ వేసిందే అసలు ఉలవచారు అనడం నాకు మింగుడుపడదు.

అనంతపురం హోటళ్లలో పొద్దున ఉగ్గాని బజ్జి ఉంటుంది, మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు ఉంటాయి. రెండూ మన గర్వమే. కానీ సంగటికి తోడుగా పల్చటి ఉలవచారు పోసే చోటు వెతుక్కోవాలి. పశువుల దాణా అన్న చిన్నచూపు ఇంకా పోలేదు. ఈ గింజ పండించే రైతుకు ధర రావాలన్నా, నాటుకోడికి డబ్బు పెట్టలేని కూలీ కడుపు నిండాలన్నా, ఈ చలికాలం నుంచే మన హోటళ్లు సంగటితో పాటు ఒక గిన్నె ఉలవచారు, పిడికెడు గుగ్గిళ్లు పెట్టాలి.