నీలివర్ణము

రంగులలో నీలమునకున్నంత గౌరవమును, అంతటి నిందయును మరియొకదానికి లేదు. విష్ణుమూర్తిని నీలమేఘశ్యాముడని కొలుతుము. లేనిపోని మాటలను నీలివార్తలందుము. నీలిమందున ముంచిన వస్త్రము బ్రాహ్మణునకు తగదని స్మృతులు సయితము దోషము చెప్పినవి. దేవుని మేనికి తగిన రంగు మనుష్యుని బట్టకు తగకపోవుట యెట్లు?

శోభనాచలముపై నరసింహస్వామి వెలసిన ఆగిరిపల్లి మామిడితోటలు దాటి, ఆగ్నేయముగా సముద్రము దిక్కునకు బోయినచో పెడన, మచిలీపట్నములు వచ్చును. ఈ తీరపు అద్దకపు బట్టలు ఒకనాడు పారసీకమునకును, ఐరోపాకును ఓడలమీద పోయినవి. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నమున వర్తకశాల పెట్టినదియు ముఖ్యముగా వీనికొరకే. కలంకారీ యనగా కలముతో చేసిన పని. ఆ పేరు పారసీకము.

ఈ పనిలో నీలము వేయుట మిక్కిలి ఓర్పుతో కూడినది. నీలిమందు నీటిలో కరగదు. సున్నము, బెల్లము మొదలగు వానితో బానలో పులియబెట్టవలెను. నీలము పడవలసిన తావులు విడిచి, తక్కిన బట్టను మైనముతో కప్పి అందులో ముంచెడివారు. పైకి తీసినప్పుడు పసుపుపచ్చగా నున్న బట్ట, గాలి సోకిన కొలదిని నీలమగును. శ్రీకాళహస్తి చిత్రకారులు రామకృష్ణులకు నీలమును, స్త్రీలకు పసుపును, రాక్షసులకు ఎఱుపును వాడుట సంప్రదాయము. అక్షరము రానివారును బొమ్మను జూచి కథ తెలిసికొందురు.

ఐరోపా చిత్రకారులును మేరీమాత వస్త్రమునకు నీలమునే యెన్నుకొనిరి. ఆ నీలము ఆఫ్ఘన్ దేశపు బదక్షాన్ గనుల రాతిని నూరి తీసినది, అతి ప్రియమైనది. అజంతా గోడలమీదను ఆ రాతిపొడి కనబడుచున్నది.

కాని నీలిపైరు రైతును ఏడిపించినది. తెల్లదొరల నిర్బంధమునకు తాళలేక 1859లో వంగదేశపు రైతులు తిరుగబడిరి. 1917లో గాంధీమహాత్ముడు చంపారనుకు బోయినదియు ఈ బాధ విచారించుటకే. అంతకుముందే, 1897లో, జర్మనులు రసాయనిక నీలిని అంగడికి తెచ్చిరి. దానితో మన నీలి వర్తకము క్షీణించినది.

ఇందు రంగు చేసిన పాప మేమున్నది? దోషము దానిని పండించిన రైతును, అద్దిన చేతిని అణచినవారిది. నేడు యంత్రముపై అచ్చువేసిన బట్టను కలంకారీ యని అమ్ముటయే నిజమైన నీలివార్త యని మా అభిప్రాయము. కొనునప్పుడు బట్టను త్రిప్పి చూడుడు. బానలో మునిగిన నీలము లోవైపునను కనబడును. పైపై అచ్చు లోపల వెలవెలబోవును. ఇంటికి తెచ్చిన పిదప చన్నీట వేరుగా జాడించి నీడను ఆరవేయుడు. పండుగనాడు ఒక్క చీర కొన్నను, అద్దినవారి కష్టమునకు వెల యిచ్చి కొనుడు. ఆ రంగునకు మనము చేయదగిన మర్యాద యదియే.