ఆత్మరక్షణ సాధనలో ఆటతుపాకి

సాము నేర్పు ఉస్తాదు శిష్యుని చేతికి మొదటి దినముననే పదునైన కత్తి నీయడు. కర్ర నిచ్చును. కర్రతో అడుగులు, ఒడుపులు, కాపులు అలవడిన పిమ్మటగాని కత్తిని ముట్టనీయడు. మన పల్లెలలోని కర్రసామునకును, హైదరాబాదు నగరపు తాలింఖానాలకును ఈ పద్ధతి సమానమే. పొరబడిన శిష్యుడు మరునాడు మరల సాధనకు రావలెను గదా! దెబ్బ తగిలినట్లు వానికి తెలియవలెను. ప్రాణము మాత్రము పోరాదు. ఈ రెండింటిని పొసగించుటకై లోకములోని యుద్ధవిద్య లన్నియు ఏదో యొక ఉపాయమును వెదకికొన్నవి. జపానువారు మొదట కొయ్యకత్తితో సాధన చేసెడివారు. అది తగిలిన ఎముక విరుగును గనుక, దెబ్బ పడకమునుపే చేయి నిలుపుకొనవలసి వచ్చెడిది. పదునెనిమిదవ శతాబ్దిలో వెదురుబద్దల కత్తియు, మొగమునకు, ముంజేతులకు, రొమ్మునకు కవచములును వాడుకలోనికి వచ్చిన తరువాత నిజముగా కొట్టుటకును, నిజముగా తప్పించుకొనుటకును వీలు కలిగెను. ఐరోపావారు తమ కత్తిసాములో కత్తిమొనకు బొత్తామును, మొగమునకు తీగెల జల్లెడను అమర్చుకొనిరి.

తుపాకి విషయములో మాత్రము ఇట్టి ఉపాయము చాలకాలము దొరకలేదు. కత్తిని మొండి చేయవచ్చును గాని గుండును మొండి చేయుట ఎట్లు? దోపిడికాడు తుపాకి చూపినపుడు ఏమి చేయవలెనో నేర్పు గురువులు ఒక చెక్కతుపాకినో, రబ్బరుతుపాకినో చేతబట్టి, నోటితో 'ఢాం' అనుటతో తృప్తి పడవలసి వచ్చినది. శిష్యుడు మణికట్టు పట్టి మెలిత్రిప్పును; తుపాకి క్రింద పడును; చూచువారు చప్పట్లు కొట్టుదురు. ఆ చెక్కతుపాకియే నిజమైన దైనచో, చేయి దానిని చేరకమునుపే గుండు వెడలి యుండెడిదా? ఇది ఎవరును చెప్పలేరు. వీధిలో దొంగ-పోలీసు ఆట ఆడుకొను పిల్లల తగవు మీరందరు వినియే యుందురు: 'నిన్ను కాల్చేశాను, నువ్వు చచ్చావు' అని ఒకడు, 'నాకు తగలనేలేదు' అని మరియొకడు. పెద్దల సాధనశాలలోను తీరని తగవు ఇదియే. రేడియో నాటకములో తుపాకి ప్రేలవలసి వచ్చినపుడు బల్లమీద చెక్కబద్దతో ఫెళ్లున కొట్టి మేమును పని గడుపుకొన్న రోజులు గలవు. శ్రోత ఉలికిపడినచో నాటకమునకు అది చాలును. ప్రాణము కాపాడుకొనుటకు నేర్చు విద్యకు చాలదు.

ఈ కొరతను తీర్చినవారు యుద్ధవిద్యల గురువులు కారు, ఆటబొమ్మలు చేయువారు. జపానులో 1958 నాటి చట్టము తుపాకులను, కత్తులను సామాన్యులకు దాదాపుగా అందకుండ చేసెను. తుపాకియందు మోజు మాత్రము చట్టముతో పోలేదు. 1970 తరువాతి దశకములో అచటి బొమ్మల పరిశ్రమ, అసలు తుపాకిని అచ్చుగ్రుద్దినట్లు పోలియుండి ప్లాస్టిక్ గుళికలను మాత్రమే విసరు ఆటతుపాకులను తయారు చేసెను. వీనికే ఎయిర్‌సాఫ్ట్ తుపాకులని పేరు. 1991లో టోక్యో మారుయ్ అను సంస్థ బ్యాటరీతో నడచు మోటారుగల రకమును విపణిలోనికి తెచ్చెను. తరువాత ఈ ఆట ఇతర ఖండములకును ప్రాకినది.

దీని పనితీరు చాల తేలిక. సైకిలు పంపు నోటికి బఠాణిగింజ నొకదానిని అడ్డుపెట్టి పిడిని ఒక్కసారిగా నొక్కిన నేమగును? గింజ ఎగిరి పోవును. ఇచటను అదియే. ఒక స్ప్రింగు ముషలమును త్రోయును, ముషలము గాలిని అదుమును, గాలి గుళికను తరుమును. కొన్నిటిలో స్ప్రింగును చేతితో లాగి ఎక్కింపవలెను. కొన్నిటిలో మోటారు ఆ పని చేయును. మరికొన్నిటిలో గాలికి బదులు నిలువచేసిన వాయువు వాడుదురు. ఈ కడపటి రకములో పైతట్టు భాగము అసలు పిస్తోలులోవలె వెనుకకు జరిగి ముందునకు వచ్చును. బరువును, పట్టును అసలుదానికి దగ్గరగా నుండుటచే శిక్షకులు దీనినే కోరుదురు.

గుళిక వ్యాసము 6 మిల్లీమీటర్లు. సాధారణముగా వాడుదాని తూకము గ్రాములో ఐదవవంతు. జపాను ప్రభుత్వము 2006లో ఈ తుపాకుల శక్తికి సుమారు ఒక జౌలు హద్దు విధించెను. నూరు గ్రాముల జామకాయను మీటరు ఎత్తునుండి విడిచినచో నేలను తాకునప్పటి శక్తి ఇంచుమించు ఒక జౌలే. చేతిమీద పడిన జామకాయను మనము లెక్కచేయము. ఐతే గుళిక చిన్నది, దాని వేగము సెకనుకు నూరు మీటర్లు. ఆ శక్తి యంతయు చిటికెనవ్రేలి కొనకంటె సన్నని చోటున దిగును. అందుచేత చర్మముపై చురుక్కుమనును, ఎఱ్ఱని మచ్చ పడును. పంటికి తగిలినచో పెచ్చు లేచిపోవచ్చును. కంటికి తగిలినచో జరుగునది వేరు. దానిని తరువాత చెప్పెదము.

ఇచట మన సికిందరాబాదు గృహస్థులకు ఒక హెచ్చరిక అవసరము. 1806లో సికందరు జా పేరిట వెలసిన ఈ దండుపట్టణమును జనులు నేటికిని లష్కరనియే పిలుచుచున్నారు. మన బోనాలు సైతము లష్కరు బోనాలే. ఇట్టి ఊరివారికి తుపాకి మాట క్రొత్త కాదు. అందును ఎయిర్‌గన్ మరింత పరిచితము. పొరుగుననున్న బేగంపేటలో 1997లో తండ్రి కొనియిచ్చిన గాలిపిస్తోలుతో పెరటిలో గురి సాధించిన గగన్ నారంగ్, 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల గాలితుపాకి పోటీలో కాంస్యపతకము గెలిచెను. కోతులను బెదరించుటకై ఎయిర్‌గన్ కొన్న ఇండ్లును గలవు. పేర్ల పోలికను చూచి ఆ గాలితుపాకియు, మేము చెప్పుచున్న ఆటతుపాకియు ఒకటే యనుకొనరాదు. గాలితుపాకి విసరునది 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు. పోటీలలో వాడుదాని శక్తియే ఏడు జౌళ్లవరకు నుండును. అది చర్మమును చీల్చును, కండలో దిగును. దానిని గురిపలకవైపే గాని మనుష్యునివైపు ఎన్నడును, ఎంత కవచము తొడిగినను, త్రిప్పరాదు. అసలు పిస్తోలు మాట యెత్తనే పని లేదు; 9 మిల్లీమీటర్ల గుండు శక్తి సుమారు అయిదువందల జౌళ్లు.

ఇక ఆటతుపాకి సాధనలో ఏమి నేర్పును? మొట్టమొదట దూరమును నేర్పును. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక లెక్క ప్రకటించెను. కత్తి పట్టిన మనుష్యుడు 21 అడుగుల దూరమును సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీద పడగలడు. ఒరలోని పిస్తోలును తీసి కాల్చుటకు నేర్పరి కైనను దాదాపు అంతే కాలము పట్టును. తుపాకి యున్నవాడు క్షేమముగా నున్నాడను మన నమ్మిక ఆ లెక్కతో సడలిపోవును. సాధనశాలలో ఇద్దరు శిష్యులు, ఒకరు రబ్బరుకత్తితోను మరియొకరు ఆటతుపాకితోను నిలిచి పరీక్షించి చూచినచో ఇక వాదములతో పని యుండదు. గుళిక ముందు తగిలినదా, కత్తి ముందు తగిలినదా అన్నది ఒంటిమీదనే తెలియును.

రెండవది, చేతికందు దూరములో తుపాకిని పట్టుట. తుపాకి చూపువాడు మీ కదలికను చూచి, తెలిసికొని, మీట నొక్కుటకు కొంత కాలము కావలెను. కన్ను చూచినదానికి చేయి స్పందించుటకు కనీసము సెకనులో ఐదవవంతు పట్టును. వాడు మాటలాడుచున్నను, చూపు మరల్చినను ఇంకను ఆలస్యమగును. ఆ వ్యవధిలో ముందు శరీరమును గొట్టపు వరుసనుండి తప్పించి, గొట్టమును ప్రక్కకు త్రోసి, రెండు చేతులతో బిగబట్టుట నేర్పవలసిన పట్టు. ఇజ్రాయేలు సైన్యమునకు క్రవ్ మగా విద్యను రూపొందించిన ఇమీ లిక్టెన్‌ఫెల్డ్ (1910-1998) సంప్రదాయములోను ముఖ్యసూత్రము ఇదియే: మొదట గురిని తప్పించుము, తరువాతనే పెనుగులాట. చెక్కతుపాకితో ఈ పట్టు పదింట పదిసార్లు పారును. ఆటతుపాకి చేతికిచ్చి, ఎదుటివానితో 'నీ యిష్టము వచ్చినపుడు కాల్చుము' అన్నచో పారుటలు తగ్గును. ఒక యడుగు దూరము ఎక్కువైనను పట్టు చిక్కదు. గొట్టమును త్రోసినను, దారి తప్పిన గుళిక ప్రక్కన నిలిచిన స్నేహితునికి తగులును. బజారులో మన ప్రక్కనుండునది భార్యయో, బిడ్డయో గదా! ఈ సంగతిని చెక్కతుపాకి ఎన్నడును చెప్పియుండదు.

మా అభిప్రాయములో ఈ సాధనవలన కలుగు పెద్ద లాభము పట్టు నేర్చుట కాదు, పట్టు పనికిరాని సందర్భములను గుర్తించుట. కడుపులో మూడుసార్లు గుళిక తగిలిన శిష్యుడు నాలుగవసారి, 'పర్సు ఇచ్చివేయుదును, గొలుసు తీసి ఇచ్చివేయుదును' అనును. గురువు మెచ్చవలసిన సమాధానము అదియే. దోచుకొనువాడు అడుగునది సొమ్మైనచో సొమ్ము నిచ్చుట పిరికితనము కాదు. వాడు బలవంతముగా బండిలో ఎక్కింపజూచినను, ఏదియు నడుగక చంపజూచినను అపుడుగాని ఆ పట్టుతో పని రాదు.

అట్లని ఆటతుపాకి చెప్పునదంతయు నిజమే యనుకొనరాదు. అది వెనుకకు తన్నదు, చెవులు గింగురుమనిపించదు. అట్టపెట్టె చాటున దాగినవానికి ప్లాస్టిక్ గుళిక తగులదు. నిజమైన గుండు అట్టనేగాక, పలుచని చెక్కతలుపును సైతము లెక్కచేయక దూసికొని పోవును. సాధనలో చెక్కచాటును నమ్ముకొనుట మరిగినవాడు నిజములో దానినే నమ్ముకొని మోసపోవును. చురుకుకు అలవాటుపడి, గుళిక తగిలినను ఆగక మీదికి ఉరుకు శిష్యు లుందురు. వారు నేర్చుకొనుచున్నది ఆట మాత్రమే. కావున తగిలిన వెంటనే నిలిచిపోవలెనను కట్టడి తప్పక యుండవలెను.

కంటి విషయము చెప్పెదమంటిమి. గుళిక కనుగ్రుడ్డును తాకినచో లోపల నెత్తురు చేరవచ్చును, కటకము దెబ్బతినవచ్చును, చూపే పోవచ్చును. దీపావళికి ఏటేట కన్ను పోగొట్టుకొను పిల్లల కథ మన కందరకు తెలిసినదే. ఇచట మందుగుండుకు బదులు ప్లాస్టిక్, అంతే భేదము. సాధారణపు చలువ అద్దములు గాని, చూపుకొరకు పెట్టుకొను కండ్లజోడు గాని చాలవు. పగిలినచో ఆ పెంకులే కంటిలో దిగును. దెబ్బను తట్టుకొనునట్లు పరీక్షింపబడిన పాలికార్బనేటు కంటికవచము, ప్రక్కలు సైతము మూసియుండునది కావలెను. చేతికందు దూరపు సాధనకు మొగమంతయు కప్పు ముసుగు మేలు. ఆడువారే గాని, చూచువారే గాని, ఆ గదిలోనికి వచ్చు ప్రతివారును దానిని ధరింపవలెను.

రెండవ అపాయము గుళికవలన కాదు, పోలికవలన. 2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరములో పండ్రెండేండ్ల బాలుడొకడు ఉద్యానవనములో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో తిరుగుచుండెను. ఎవరో చూచి పోలీసులకు ఫోను చేసిరి. అది నకిలీ కావచ్చుననియు చెప్పిరి. ఆ మాట వచ్చిన పోలీసులకు చేరలేదు. బండి ఆగిన రెండు సెకనులలోపుగా వారు కాల్చిరి, బాలుడు మరణించెను. ఆటతుపాకి అని తెలుపుటకై గొట్టము చివర నుండవలసిన నారింజరంగు తొడుగు ఆ పిస్తోలుకు లేకపోయెను. మన ఊరిలో అట్లు జరుగదని ఎవరు పూచీపడగలరు? దండుపట్టణపు బాటలలో కాపలా సిపాయి యుండును, పోలీసువా డుండును. దూరమునుండి చూచువానికి ఆటబొమ్మ యేదో ఆయుధమేదో తెలియదు. కావున ఇట్టి తుపాకిని మేడమీద గాని, మైదానములో గాని, బస్సులో గాని బయటికి తీయరాదు. మూసిన గదిలోనే సాధన. తాళము వేసిన పెట్టెలోనే ప్రయాణము.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదము. 1959 నాటి ఆయుధచట్టము 1962 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద 2016లో వెలువడిన నియమములు 20 జౌళ్లకు మించినట్టియు, 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టము కలిగినట్టియు గాలితుపాకులకు లైసెన్సు అవసరమని చెప్పుచున్నవి. అసలుదానిని పోలిన నకలు తుపాకులను సైతము ప్రస్తావించుచున్నవి. ఎయిర్‌సాఫ్ట్ గొట్టము 6 మిల్లీమీటర్లని మరువరాదు. అంగడివాని మాటమీద కొనక, ముందుగా పోలీసు కమిషనరు కార్యాలయములో విచారించుట మంచిది. ఆత్మరక్షణ హక్కు 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో నున్నది. రక్షణకు కావలసినంతకంటె ఎక్కువ హాని చేయుటకు ఆ హక్కు వర్తింపదు. తుపాకి చేజిక్కిన పిమ్మట పారిపోవుచున్న దొంగను వెంటాడి కొట్టుట ఆత్మరక్షణ యనిపించుకొనదు. ఈ సంగతి గురువు మొదటి వారముననే చెప్పవలెను.

సాధన ముగియునపుడు చేయు పనులకు ఒక వరుస గలదు. మొదట తూటాపెట్టెను ఊడదీయవలెను. గొట్టములో మిగిలిన గుళిక యొకటి యుండవచ్చును గనుక, గొట్టమును ఇసుకపెట్టెవైపు త్రిప్పి మీటను రెండుసార్లు నొక్కవలెను. తుపాకు లన్నిటిని లెక్కించి పెట్టెలో పెట్టి తాళము వేయవలెను. అటుపిమ్మటనే, గురువు సెలవిచ్చిన తరువాత, అందరును కంటికవచములు తీయవలెను.